మంట ఆరాక తెగే బోల్టు

సంపాదకులు గారికి నమస్కారం.

ఎక్కడైనా గోడౌనో, ఫ్యాక్టరీ షెడ్డో, షాపింగ్ కాంప్లెక్సో తగలబడితే మర్నాడు పేపర్లో వార్త చివర ఒక మాట తరచూ కనిపిస్తుంది, "మంటలు పూర్తిగా ఆర్పేశారు, భవనానికి ప్రమాదం తప్పింది" అని. టీవీల్లోనూ అదే. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు టెన్షన్ మొదలవుతుంది. నేను ఇరవై ఆరేళ్లుగా స్టీలు బిల్డింగుల పనిలోనే ఉన్నాను, మొదట స్టీలు కోసి వెల్డ్ చేసే ఫ్యాబ్రికేషన్ షాపులో, తర్వాత ఆ ముక్కల్ని ఎత్తి బిగించే ఎరెక్షన్ సైట్లలో, ఇప్పుడు కట్టినవాటిని చూసి రిపోర్టు రాసే పనిలో. స్టీలు ఫ్రేముతో కట్టిన బిల్డింగుకి మంట ఆరిన తర్వాతి గంటలు మంట మండుతున్నప్పటి గంటలంత ప్రమాదమైనవే. అడ్డంగా ఉండే బీమ్‌నీ నిలువుగా ఉండే కాలమ్‌నీ కలిపే మూడు నాలుగు బోల్టులు, కాస్త వెల్డింగు, ఒక చిన్న ప్లేటు, ఇవి చల్లారేటప్పుడు తెగుతాయి. నేను కళ్లారా చూశాను. దీని గురించి తెలుగు పేపర్లో ఎవరైనా రాయగా నేను చదవలేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. చోటు చాలకపోతే కుదించండి గానీ బోల్టుల సంగతి మాత్రం తీసెయ్యకండి.

కొన్నేళ్ల కిందట నగర శివార్లలో ఒక గోడౌన్‌లో రాత్రిపూట మంటలు లేచాయి. కింద సరుకు, పైన మెజనైన్‌లో, అంటే మధ్యలో వేసిన సగం అంతస్తులో, ఆఫీసు, మొత్తం స్టీలు ఫ్రేము. మెజనైన్‌కి డెక్ షీటు అనే ముడతల రేకు పరిచి పైన కాంక్రీటు పోశారు. ఫైర్ వాళ్లు తెల్లవారుజామున నాలుగింటికల్లా ఆర్పేశారు. ఆరింటికి ఓనరు నాకు ఫోన్ చేశాడు, "సార్, ఒకసారి వచ్చి చూసి ఓకే చెప్పండి, ఇన్సూరెన్సు వాళ్లు వస్తామన్నారు, ఈలోపు లోపల శుభ్రం చేయిస్తున్నా" అని. నేను వెళ్లేసరికి ఎనిమిదిన్నర. అప్పటికే ఐదారుగురు కుర్రాళ్లు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని బూడిద ఎత్తుతున్నారు. వాళ్ల తలల మీద ఒక బీమ్ మధ్యలో జానెడు కిందికి వంగి ఉంది. నేను షట్టర్ దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాను, ఉన్నట్టుండి "ఠాప్" మని సుతిలి బాంబు పేలినట్టు చప్పుడు, వెంటనే ఏదో రేకు మీద పడి దొర్లిన శబ్దం. అందరినీ బయటికి రమ్మని అరిచాను. చీపురు చేతిలో ఉన్న కుర్రాడు, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో, నన్ను చూసి ధైర్యం చెబుతున్నట్టు "ఏం కాదు సార్, చల్లారుతోంది కదా, పొద్దుట్నుంచీ ఇలాగే చప్పుళ్లు వస్తున్నాయి" అన్నాడు.

పొద్దుట్నుంచీ! ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. వాడు చెప్పింది అక్షరాలా నిజం, చల్లారుతోంది. అందుకే తెగుతున్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం కింద ఆసరాగా నిలబెట్టే ప్రాప్‌లు బిగించాక పైకెక్కి చూశాను. కాలమ్‌కి నిలువుగా ఒక ప్లేటు వెల్డ్ చేసి ఉంది, మేం ఫిన్ ప్లేట్ అంటాం, బీమ్ నడుం భాగాన్ని దానికి మూడు 20 ఎం.ఎం. బోల్టులతో బిగించారు. మూడింట్లో రెండు తెగిపోయాయి. మొదటి బోల్టు తెగిన ముఖం నల్లగా, నీలిరంగు తిరిగి ఉంది, అంటే అది ఎర్రగా కాలుతున్నప్పుడే, రాత్రే తెగింది, తెగిన తర్వాత ఆ ముఖం మంటలో మాడింది. రెండోదాని ముఖం కొత్త రూపాయి బిళ్లలా తెల్లగా మెరుస్తోంది, దాని మీద మసి లేదు. అది పొద్దున తెగింది, నా ముందే తెగింది, నేను విన్న చప్పుడు దానిదే. మూడోది వంగి నిలబడి ఉంది, బీమ్‌లో అది కూర్చున్న రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంది. ఆ ఒక్క బోల్టు, పైనున్న కాంక్రీటు స్లాబు, ఈ రెండూ ఆ చివరను పట్టుకుని ఉన్నాయి. పొద్దున ఆ పిల్లలు ఊడ్చింది దాని కిందే.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్పడానికి ఇంజినీరింగు అక్కర్లేదు, బండి చక్రానికి పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మా ఊళ్లో చిన్నప్పుడు కమ్మరి ఇంటి ముందు పిడకలు చుట్టూ పేర్చి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చేవారు. పట్టా చుట్టుకొలత చక్రం కంటే కావాలనే కాస్త తక్కువ పెట్టేవారు. కాలిన పట్టా వ్యాకోచిస్తుంది కాబట్టి చక్రం మీద సులువుగా కూర్చుంటుంది, అప్పుడు నలుగురూ కడవలతో నీళ్లు గుమ్మరించేవారు. బుస్సుమని ఆవిరి లేచి, పట్టా కుంచించుకుపోయి, చక్రం చెక్కలన్నీ కిర్రుమంటూ ఒకదానికొకటి బిగుసుకునేవి. ఒక్క మేకు లేకుండా ఆ పట్టా ఏళ్ల తరబడి ఊడేది కాదు. చల్లారే ఇనుముకు అంత బలం ఉంటుంది. బిల్డింగులో మంట ఆరాక బీమ్ చేసేదీ అదే. చక్రం దగ్గర ఆ బలాన్ని మనం వాడుకున్నాం, బీమ్ దగ్గర అదే బలం బోల్టుల మీద పడుతుంది.

కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. ఒక మీటరు ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 8 మీటర్ల బీమ్ 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 సెంటీమీటర్లు పెరగాలి. 20 ఎం.ఎం. బోల్టుకి మేం వేసే రంధ్రం 22 ఎం.ఎం., అంటే బీమ్‌కి అటూ ఇటూ కదలడానికి ఉన్న జాగా రెండు మిల్లీమీటర్లు. 5 సెంటీమీటర్లు ఎక్కడికి పోవాలి? రెండు వైపులా కాలమ్‌లు అడ్డం. కాబట్టి మొదట బీమ్ కాలమ్‌లను బయటికి నెడుతుంది, ఆ ఒత్తిడికి చివర్ల దగ్గర బీమ్ కింది ఫ్లాంజ్, అంటే అడుగు పలక, ముడత పడుతుంది. ఇంకా వేడెక్కితే ఇనుము మెత్తబడి మధ్యలో కుంగుతుంది, కుంగాక బట్టలారేసిన తాడులా రెండు చివర్లనూ లోపలికి లాగడం మొదలుపెడుతుంది. నెట్టడం కాస్తా లాగడంగా మారిందన్నమాట. ఇక మంట ఆరాక చల్లారుతుంది, ముడత పడిన చోటా కుంగిన చోటా అది శాశ్వతంగా పొట్టి అయిపోయి ఉంది, చల్లారుతూ ఇంకా పొట్టి అవుతుంది, ఆ లాగుడంతా ఆ మూడు బోల్టుల మీదికి వస్తుంది. పైపెచ్చు నీళ్లు కొట్టిన వైపు ముందు చల్లారుతుంది, కొట్టనివైపు తర్వాత. ఫైర్ సిబ్బందిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, మనుషులు లోపల ఉన్నప్పుడు నీళ్లు కొట్టకుండా ఎలా ఉంటారు. కానీ ఆర్పిన తర్వాత ఆ బీమ్ ఇంకా పని చేస్తూనే ఉందన్న సంగతి వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇంకో సంగతి, బోల్టు ఇనుమూ బీమ్ ఇనుమూ ఒకటి కాదు. బీమ్ మామూలు ఇనుము, కాల్చి వత్తి తీసినది. మేం బలాన్ని బట్టి 8.8, 10.9 అని పిలిచే హై స్ట్రెంత్ బోల్టులు మాత్రం కొడవలి లాంటివి, కాల్చి ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ కొలత ప్రకారం కాస్త వేడి చేసి పదును నిలబెట్టినవి. కొడవలి పొయ్యిలో పడితే ఏమవుతుందో పల్లెటూరివాళ్లకు చెప్పక్కర్లేదు, చూడ్డానికి కొడవలే, కంకి కోయదు. బోల్టూ అంతే. యూరప్ వాళ్ల కోడు, అంటే డిజైను నియమాల పుస్తకం, ఇచ్చే లెక్క ప్రకారం 500 డిగ్రీల దగ్గర బీమ్ ఇనుముకు 78 శాతం బలం మిగిలితే బోల్టుకి మిగిలేది 55 శాతం. 600 డిగ్రీల దగ్గర బీమ్‌కి 47, వెల్డింగుకి 38, బోల్టుకి 22 శాతం. అంటే బీమ్ సగం బలంతో ఇంకా పోరాడుతుంటే దాన్ని పట్టుకున్న బోల్టు ఐదో వంతుకి దిగిపోయింది. జాయింటు దగ్గర ఇనుము దండిగా ఉంటుంది, కాబట్టి అది బీమ్ మధ్యభాగం కంటే మెల్లగా వేడెక్కుతుంది, ఇది నిజమే. ఈ ధైర్యంతోనే చాలాకాలం ఇంజినీర్లు జాయింట్ల గురించి పెద్దగా ఆలోచించలేదు. కానీ మెల్లగా వేడెక్కేది మెల్లగానే చల్లారుతుంది కూడా, బీమ్ చల్లబడి లాగుతున్నప్పుడు బోల్టు ఇంకా వేడి మీదే ఉండొచ్చు.

ఇదంతా నా ఊహ అనుకోకండి. 1990 జూన్ 23న లండన్‌లో బ్రాడ్‌గేట్ అనే చోట కడుతూ ఉన్న 14 అంతస్తుల స్టీలు బిల్డింగులో మంటలు వచ్చాయి, నాలుగున్నర గంటలు మండింది, చాలా భాగానికి మంట వేడి నుంచి ఇనుమును కాపాడే ఫైర్ పూత ఇంకా వేయలేదు. బిల్డింగు కూలలేదు. అది కూలకపోవడం చూసి ఇంజినీర్లే ఆశ్చర్యపోయారు. తర్వాత పరిశీలిస్తే కొన్ని జాయింట్లలో ఎండ్ ప్లేట్లు, అంటే బీమ్ చివర వెల్డ్ చేసి కాలమ్‌కి బోల్టులతో బిగించే ప్లేట్లు, పగిలి ఉన్నాయి, చల్లారేటప్పటి లాగుడుకే. ఆ ప్రశ్నలు వెంటాడి 1990ల మధ్యలో ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు గాలి ఓడలు పెట్టుకునే పెద్ద హ్యాంగర్ లోపల, నిజంగానే 8 అంతస్తుల స్టీలు బిల్డింగు కట్టి, దానికి నిప్పు పెట్టి చూశారు. 2003 జనవరిలో ఏడోసారి కాల్చారు. అక్కడ తేలిన మంచి సంగతి ఏంటంటే, కొన్ని పరీక్షల్లో పూత లేని బీమ్‌లు 1000 డిగ్రీలు దాటినా అంతస్తు కూలలేదు, పైనున్న స్లాబు నాలుగు మూలలా పట్టుకున్న దుప్పటిలా బరువు మోసింది. కానీ జాయింట్ల దగ్గరికి వెళ్లి చూస్తే, చల్లారేటప్పుడు ఫిన్ ప్లేట్లలో బోల్టులు తెగి ఉన్నాయి, ఎండ్ ప్లేట్లు వెల్డింగు పక్కనే ఒకవైపు నిలువునా చీలి ఉన్నాయి. రెండోవైపు మిగిలింది కాబట్టి బీమ్ పడలేదు. నేను గోడౌన్‌లో చూసింది ఇదే, కాకపోతే వాళ్లు మనుషుల్ని బయటికి పంపి పరీక్ష కోసం చేశారు.

స్లాబు కాపాడని చోట ఏం జరుగుతుందో అమెరికాలో తెలిసింది. 2001 సెప్టెంబరు 11 అనగానే అందరూ న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ రెండు టవర్ల గురించే మాట్లాడతారు. ఆ రోజు సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు మూడో పెద్ద బిల్డింగు కూడా కూలింది, అదే సెంటర్‌లోని 47 అంతస్తుల ఏడో నంబరు బిల్డింగు. దానికి ఏ విమానమూ తగల్లేదు. టవరు శిథిలాలు పడి లోపల మంటలు అంటుకున్నాయి, నీటి పైపులు పగిలిపోవడంతో కింది అంతస్తుల్లో స్ప్రింక్లర్లకు నీళ్లు లేవు, దాదాపు ఏడు గంటలు ఆపేవాళ్లు లేక మండింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. ఏళ్ల తరబడి లెక్కలు కట్టి 2008లో రిపోర్టు ఇచ్చింది. వాళ్లు తేల్చింది ఏంటంటే 13వ అంతస్తు దగ్గర పొడవాటి బీమ్‌లు వేడికి పెరిగి, అవి ఆనుకున్న పెద్ద గర్డర్‌ని పక్కకు నెట్టాయి, ఆ గర్డర్ 79వ నంబరు కాలమ్ మీద తను కూర్చున్న పీట మీంచి జారిపోయింది. అది పడ్డాక కింది అంతస్తులు వరుసగా పడ్డాయి, పక్కన పట్టుకునేవి లేక కాలమ్ వంగిపోయింది, ఆ తర్వాత మొత్తం బిల్డింగు. ఇనుము కరగలేదు. ఇనుము బలం పోతుందని మనం భయపడే వేడి కంటే ఎన్నో వందల డిగ్రీలు తక్కువ వేడిలోనే ఇది జరిగింది. 47 అంతస్తుల కథ మొదలైంది ఒక గర్డర్ కూర్చున్న కొద్దిపాటి పీట దగ్గర! ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఆ బిల్డింగులో ఎవరూ చనిపోలేదు.

దాని పక్కనే ఐదో నంబరు బిల్డింగు, 9 అంతస్తులది. నాకు దాని గురించే ఎక్కువ దిగులు, ఎందుకంటే మన దగ్గర కట్టే బిల్డింగులకు దగ్గరగా ఉండేది అదే. అక్కడ కాలమ్‌కి చిన్న బీమ్ ముక్క షాపులోనే వెల్డ్ చేసి తెచ్చి, కాలమ్‌కి కాస్త ఎడంగా అసలు బీమ్‌ని దానికి బోల్టులతో కలిపారు. మంటకు బీమ్ కుంగి లాగింది. అక్కడ బోల్టులు తెగలేదు, బోల్టులు గట్టివే, బీమ్ పలకలోని రంధ్రాలే చివరిదాకా చిరిగిపోయాయి, చొక్కా గుండీ ఊడకుండా కాజా చిరిగినట్టు. లోపల కొన్ని అంతస్తులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. బయటినుంచి చూస్తే బిల్డింగు నిలబడే ఉంది. షెఫీల్డ్, మాంచెస్టర్ యూనివర్సిటీల వాళ్లు ఇలాంటి జాయింట్లను కొలిమిలో పెట్టి లాగి చూశారు. ఫిన్ ప్లేటు జాయింట్లలో బోల్టులు తెగిపోవడం, రెండు యాంగిల్ ముక్కలతో కలిపిన క్లీట్ జాయింట్లు మాత్రం సాగి, ఒంగి, చాలాసేపు పట్టుకుని ఉండటం వాళ్లకు కనిపించింది. గట్టిగా ఉండటం కంటే సాగే గుణం ఉండటం మంటలో ఎక్కువ ఉపయోగం. మా షాపుల్లో మాత్రం ఫిన్ ప్లేటే ఎక్కువ వాడతాం, చేయడం తేలిక, ఎరెక్షన్‌లో క్రేన్ టైము కలిసొస్తుంది.

2017 జనవరి 19న టెహ్రాన్‌లో 17 అంతస్తుల ప్లాస్కో బిల్డింగు కూడా స్టీలుదే, నిండా బట్టల దుకాణాలు, కుట్టు పని చేసే చోట్లు. పొద్దున మొదలైన మంట, మధ్యాహ్నం కాకముందే బిల్డింగు కూలింది, 16 మంది ఫైర్ సిబ్బంది పోయారు. కూలకముందు దుకాణదారులు సామాను తెచ్చుకుంటామని లోపలికి పరుగెత్తబోతుంటే పోలీసులు ఆపాల్సి వచ్చింది. సామాను కోసం లోపలికి వెళ్లబోయే మనిషి మన దగ్గర మాత్రం లేడా? సరిగ్గా ఆరేళ్లకు అదే తేదీన, 2023 జనవరి 19న, సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో దక్కన్ మాల్ కాలింది. అది కాంక్రీటు బిల్డింగు, నేను చెప్పే బోల్టుల వ్యవహారం దానికి వర్తించదు, కానీ లోపలి స్లాబులు కూలి, చిక్కుకున్నవారి కోసం సిబ్బంది లోపలికి వెళ్లడమే ప్రమాదకరమైపోయింది, చివరికి బిల్డింగునే పడగొట్టారు. కాంక్రీటు కనీసం పెచ్చులూడి, పగుళ్లు చూపించి హెచ్చరిస్తుంది. బోల్టు తెగేముందు ఏమీ చూపించదు, పైగా అది ఫాల్స్ సీలింగ్ వెనకాల ఉంటుంది.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్న పని గురించి. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో స్టీలు ఫ్రేము ఆఫీసులు, ఆస్పత్రులు, కాలేజీ బ్లాకులు, ఫంక్షన్ హాళ్లు బాగా పెరిగాయి, తొందరగా అయిపోతాయి కాబట్టి. నాకూ అన్నం పెట్టేది ఈ స్టీలే, స్టీలు వద్దని నేను అనను. కానీ ఈ బిల్డింగులకు వేసే ఫైర్ పెయింట్ సంగతి చూడండి. అది మంచి వస్తువు, మామూలప్పుడు రంగులాగే ఉంటుంది, మంట తగిలితే అప్పడంలా పొంగి తన మందానికి ఎన్నో రెట్లు లేచి నల్లటి నురగ పొరగా మారి ఇనుముకు వేడి తగలకుండా కాపాడుతుంది. బీమ్‌లకు చాలాసార్లు షాపులోనే ఈ పెయింట్ కొట్టి పంపుతారు. కాకపోతే చివర్లు వదిలేస్తారు, బోల్టు బిగించే చోట రెండు ఇనుప ముఖాలు నేరుగా ఆనాలి కాబట్టి అక్కడ పెయింట్ ఉండకూడదు, వదలడం కరెక్టే. సైట్లో బీమ్ ఎత్తి, బోల్టులు పెట్టి, టార్క్ రెంచితో బిగించాక ఆ జాయింటు మొత్తానికి, బోల్టు తలలూ నట్లూ ప్లేటు అంచులూ అన్నిటికీ మళ్లీ పెయింట్ కొట్టాలి. స్టీలు కట్టడాలకు మన దేశం పెట్టుకున్న ఐ.ఎస్. 800, 2007 కోడులో 16వ అధ్యాయం మొత్తం మంట గురించే, జాయింటులో కలిసే బీమ్‌లలో దేనికి ఎక్కువ మందం పూత కావాలో ఆ మందమే జాయింటు అంతటికీ, బోల్టు తలలతో సహా ఉండాలని అందులో ఉంది. కోడు రాసినవాళ్లు సరిగ్గానే ఆలోచించారు.

సైట్లో జరిగేది వేరు. ఎరెక్షన్ కాంట్రాక్టరు తన పని అయిందని వెళ్లిపోతాడు. పెయింట్ కాంట్రాక్టరు బీమ్‌ల చదరపు మీటర్ల లెక్కన బిల్లు తీసుకుంటాడు, జాయింట్లకు విడిగా రేటు ఉండదు, ఎత్తులో స్కాఫోల్డింగు మీద కూర్చుని చిన్న బ్రష్షుతో బోల్టు చుట్టూ నాలుగు కోట్లు వేయడం అతనికి నష్టం. ఈలోపు ఏసీ డక్టుల వాళ్లు, ఆ వెనకే సీలింగ్ వాళ్లు వచ్చేస్తారు. నేను చూసిన ఒక ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగులో మందం కొలిచే మీటరు తీసుకుని పైకెక్కితే బీమ్ మీద సరిగ్గానే చూపించింది, జాయింటు దగ్గర ఉన్నది ఉత్త ప్రైమరు, బోల్టులకు అదీ లేదు. ప్రాజెక్టు మేనేజరుని అడిగితే "సార్, ఎనిమిది మీటర్ల బీమ్ మొత్తం కొట్టాం, అడుగు జాగా కోసం మీరు పని ఆపుతారా, హ్యాండోవర్ డేటు దగ్గర పడింది" అన్నాడు. అతనేం చెడ్డవాడు కాదు, జాయింటు సంగతి నిజంగానే తెలియదు అతనికి. రెండు వారాలు గట్టిగా పట్టుబట్టి మూడో అంతస్తు దాకా చేయించగలిగాను. పై రెండు అంతస్తులకు అప్పటికే సీలింగ్ మూసేశారు, తెరవనివ్వలేదు. రిపోర్టులో రాశాను. ఆ రిపోర్టు ఎవరు చదివారో తెలియదు. ఇప్పుడు అందులో కొన్ని వందలమంది పనిచేస్తున్నారు, ఆ రోడ్డులో వెళ్లినప్పుడల్లా నా కళ్లు ఆ పై రెండు అంతస్తుల లైట్ల మీదికే పోతాయి.

సగం చేసిన పని ఎలా ఉంటుందో మాడ్రిడ్‌లో విండ్సర్ టవరు చూపించింది. 32 అంతస్తుల బిల్డింగు, 2005 ఫిబ్రవరి 12 రాత్రి అంటుకుంది. దాని స్టీలు కాలమ్‌లకు ఫైర్ రక్షణ కిందినుంచి ఒక్కో అంతస్తూ వేసుకుంటూ వస్తున్నారు. 17వ అంతస్తు పైన ఇంకా వేయలేదు. కూలింది సరిగ్గా ఆ పైభాగమే, బయటి వరస కాలమ్‌లూ వాటి మీదున్న అంతస్తుల అంచులూ.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఫైర్ ఎన్ఓసీ ఇచ్చే ముందు తనిఖీకి వచ్చే అధికారులు మెట్లు, హోస్ రీళ్లు, ఎక్స్‌టింగ్విషర్ల మీద తేదీలు చూస్తారు, చూడాలి కూడా. దాంతోపాటు స్టీలు బిల్డింగయితే ప్రతి అంతస్తులో ఎక్కడో రెండు చోట్ల సీలింగ్ పలక తీయించి జాయింటు మీద టార్చి వేసి చూడండి. పది నిమిషాల పని. బోల్టు తలలు విడివిడిగా, పలకల అంచులు పదునుగా కనిపిస్తున్నాయంటే పూత లేనట్టే, అన్నీ మందంగా కప్పుకుని ఉండాలి. ఓనర్లకు చెప్పేది ఇంకా తేలిక, టెండరులో జాయింట్ల పూతకు విడిగా ఒక ఐటం, విడిగా ఒక రేటు పెట్టండి. డబ్బులు రాని పని ఎవరూ చేయరు.

మంట ఆరిన తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. స్టీలు బిల్డింగు పూర్తిగా చల్లబడి, తెలిసిన ఇంజినీరు చూసి, వంగిన బీమ్‌ల కింద ప్రాప్‌లు పెట్టేదాకా ఎవరినీ లోపలికి పంపకండి, ఊడ్చేవాళ్లనీ, ఇన్సూరెన్సు సర్వేయరునీ, ఫైలు తెచ్చుకుంటానన్న మేనేజరునీ. చప్పుళ్లు వస్తుంటే అసలే వద్దు. ఆ తర్వాత కూడా బీమ్ వంకర లేకుండానే ఉంది కదా అని రంగేసి వాడెయ్యకండి. మంటలో పడిన చోట హై స్ట్రెంత్ బోల్టులన్నీ మార్చాల్సిందే. ఒక గుర్తు చెబుతాను, ఇది సైట్లో ఎవరైనా చూడొచ్చు. జింకు పూత ఉన్న బోల్టు అయితే ఆ పూత కరిగి చుక్కలుగా గడ్డకట్టిందేమో చూడండి. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఈ బోల్టులను తయారుచేసేటప్పుడు పదును నిలబెట్టడానికి పెట్టే కనీస వేడి 425. అంటే జింకు కారిందంటే బోల్టు పదును పోయే గీత దగ్గరికి వచ్చిందన్నమాట. చుక్కలు కనిపించలేదని వదిలెయ్యమని మాత్రం కాదు.

ఇంజినీరింగ్ కాలేజీల్లో స్టీలు డిజైను చెప్పే అధ్యాపకులకు కూడా ఒక మనవి. మా రోజుల్లో జాయింటు లెక్కలన్నీ మామూలు గది వేడికే నేర్పారు, బోల్టు మీద కిందికి పడే బరువు ఎంత, అంతే. మంటలో అది ముందు నెట్టబడుతుందనీ, తర్వాత లాగబడుతుందనీ నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు, ఆ గోడౌన్‌లో బోల్టు చెప్పింది. ఇప్పటి పిల్లలకు ఒక్క పీరియడైనా దీనికి కేటాయించండి.

చివరిగా మీకూ మీ విలేకరులకూ. స్టీలు బిల్డింగు కాలిన రోజే "భవనానికి ప్రమాదం లేదు" అని రాయకండి, ఎవరు చెప్పినా సరే. దానికి బదులు, పూర్తిగా చల్లారిందా, జాయింట్లు ఎవరైనా చూశారా అని ఆ అధికారిని అడిగి ఆయన చెప్పిన జవాబు రాయండి. పేపర్లో ఆ ప్రశ్న రెండుసార్లు పడితే మూడోసారి ఆయనే ముందు చూసి వస్తారు.

గోడౌన్‌లో తెగిన ఆ రెండు బోల్టు ముక్కలూ నా దగ్గరే ఉన్నాయి, నల్లటిదీ తెల్లటిదీ. పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో దీంతో జతచేస్తున్నాను. పక్కన రూపాయి బిళ్ల పెట్టాను, సైజు తెలియడానికి. వీలైతే వేసుకోండి.

ఇట్లు
ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్.